భీమునిపట్టణపు దారిలో ఒక దినము

మా మేనకోడలు స్వీడను దేశమున నున్నది. భర్త ఉద్యోగమునకై పోయి, తానును అచ్చటనే ఒక పనిలో కుదురుకొన్నది. కడచిన వేసవిలో ఆమె సంసారముతో గాట్లండు అను ద్వీపమునకు పోయి నాలుగు దినములుండి, మాకొక జాబు వ్రాసెను. ఈ కాలమున చేతితో జాబు వ్రాయువారే అరుదు. అందులో నిది యెనిమిది పుటల జాబు.

గాట్లండు బాల్టికు సముద్రము నడుమ నున్న సున్నపురాతి దీవియట. ఒడ్డున గాలియు నీరును తొలిచిన రాతి కంబములు మనుష్యులు బారులు తీరి నిలిచినట్లుండునట. వానిని అచ్చటివారు రౌకు లందురు. అవి నలువది కోట్ల యేండ్ల క్రిందట సముద్రగర్భమున పెరిగిన పగడపు దిబ్బల శేషములు. విస్బీ అను పట్టణము చుట్టును మూడు కిలోమీటర్లకు మించిన రాతికోట నేటికిని నిలిచియున్నది; 1995లో యునెస్కో వారు దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా నెంచిరి. ఇవన్నియు వ్రాసి, మా పిల్లను అన్నిటికంటె ఆశ్చర్యపరచిన సంగతి వేరొకటి చెప్పెను. ఆ దేశమున ఎవరి భూమి యైనను, పైరు త్రొక్కక, ఇంటివారి కడ్డు కలిగింపక నడచిపోవుటకు ఎల్లరకును హక్కు కలదట. సముద్రపు టంచునుండి నూరు మీటర్ల లోపల సామాన్యముగా ఇల్లు కట్టనీయరట. అందుచేత ఒడ్డు అందరిదిగా మిగిలియున్నది.

జాబు కొసను ఇట్లుండెను: "అత్తా, మా పొరుగింటి ముసలావిడ భూగర్భశాస్త్రము చదివినావిడ. మాది విశాఖపట్టణమని చెప్పగానే, 'మీ ఊరి దగ్గర ఎర్ర ఇసుక దిబ్బలున్నవి కదా, ఎట్లుండును?' అని యడిగినది. నేను చూడలేదని చెప్పుటకు సిగ్గైనది. మీరు చూచియుందురు. తీరికగా వ్రాయండి."

మేము విశాఖపట్టణమునకు కాపురమునకు వచ్చి ముప్పది సంవత్సరములు దాటినది. ఆ దిబ్బలను మేమును చూడలేదు. భీమునిపట్టణమునకు మాత్రము రెండుసార్లు పోయితిమి. ఒకసారి పెండ్లికి, ఒకసారి మాఘస్నానమునకు. పెండ్లికి పోయినపుడు విడిదియిల్లు చూచితిమి, స్నానమునకు పోయినపుడు నీళ్ళు చూచితిమి. మనలో అనేకులకు ప్రయాణమనగా దేవుడో, పెండ్లియో, పురుడో కావలెను. ఊరక చూచుటకై ఇల్లు కదలుట ఆడువారికి అలవాటు లేని పని. అలవాటు లేదు కనుక, మన యింటికి ఇరువది నాలుగు కిలోమీటర్లలో నేమున్నదో స్వీడనుదేశపు ముసలావిడ ఎరిగినంత మనమెరుగము.

జాబునకు బదులు వ్రాయవలెనన్న ముందుగా చూచి రావలెను గదా. మాఘమాసమున ఒక ఆదివారము తెల్లవారక పూర్వమే బయలుదేరితిమి. మాతో మా వదినగారు, అనగా ఆ జాబు వ్రాసిన పిల్ల తల్లి, ఆమె మనుమరాలు, పండ్రెండేండ్ల పిల్ల, వచ్చిరి. పులిహోర, దద్ధోజనము, నాలుగు సీసాల మంచినీళ్ళు, రెండు గొడుగులు. వదినగారు మోకాళ్ళ నొప్పులని మొదట రానన్నారుగాని, కుమార్తె చూడమన్నదని విని, "అది అంత దూరమునుండి అడిగితే నేనింట్లో కూర్చుందునా" అని అందరికంటె ముందు కారెక్కిరి.

*

విశాఖ ఓడరేవు కథ మన చదువరులలో పలువురికి తెలిసినదే. డాల్ఫిన్ ముక్కు అని పేరు పొందిన కొండ సముద్రములోనికి చొచ్చుకొనిపోయి, వెనుక నున్న నీటిని కాపాడుచుండుటచే ఇచ్చట లోపలి రేవు త్రవ్వుట సాధ్యమైనది. అలల దెబ్బ నాపుటకు రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి ముంచిరి. 1933లో రేవు తెరవబడినది. 1948లో ఇచ్చటి కార్ఖానాలో కట్టిన జలఉష అను ఓడను నెహ్రూగారు నీటికి విడిచిరి. ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగెను. దానికై 1966లో రేగిన ఉద్యమపు నినాదము నేటికిని గోడలమీద కనబడుచున్నది. అది పట్టణమునకు దక్షిణపు దిక్కు. మేము పోవలసినది ఉత్తరపు దిక్కు. ఎడమవైపు కొండలు, కుడివైపు సముద్రము, నడుమ దారి. భీమిలి దాక ఇంతే.

ఈ కొండల రాయికి ఖోండలైటు అని పేరు. మన తూర్పు కనుమలలో నివసించు ఖోండు గిరిజనుల పేరిట భూగర్భశాస్త్రజ్ఞులు పెట్టిన పేరిది. గిరిజనుల పేరు లోకమునందలి శాస్త్రగ్రంథముల కెక్కినదని మాకు సంతోషము కలిగెను.

దారిలో మొదట మేమాగినది తాబేళ్ళ కొరకు. జనవరి మొదలు మార్చి వరకు ఆలివ్ రిడ్లీ అను జాతి సముద్రపు తాబేళ్ళు ఈ తీరమున రాత్రివేళ ఒడ్డెక్కి, వెనుక కాళ్ళతో ఇసుకలో లోతుగా గుంట త్రవ్వి, ఇంచుమించు నూరు గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, మరల నీటిలోనికి పోవును. కుక్కలు, నక్కలు, మనుష్యులు వానిని పాడుచేయకుండ అటవీశాఖ వారు గ్రుడ్లను తెచ్చి, వల కట్టిన ఆవరణలో మరల ఇసుకలో పాతిపెట్టుదురు. మేము పోయినపుడు వల లోపల వరుసగా చిన్న చిన్న పుల్లలు గ్రుచ్చియుండెను. ఒక్కొక్క పుల్లకు ఒక చీటి, దానిమీద తేదీ. కావలి యుండిన కుర్రవాడు మత్స్యకారుల బిడ్డ. నలువదియైదు మొదలు అరువది దినములలో పిల్లలు వెలువడునని అతడు చెప్పెను.

ఇందొక వింత కలదు. గ్రుడ్డులోనిది ఆడో మగో నిర్ణయించునది ఇసుకలోని వేడిమి. ఇసుక వెచ్చగా నున్నచో ఆడపిల్లలు, చల్లగా నున్నచో మగపిల్లలు. నానాటికి భూమి వేడెక్కుచున్నది గనుక రాను రాను మగవి తగ్గిపోవునేమో యని పండితుల భయము. వదినగారు విని, "మన యిండ్లలో ఆడపిల్ల వద్దనువారికి ఈ తాబేళ్ళు బుద్ధి చెప్పుచున్నవి" అని నవ్విరి. మరికొంతసేపటికి, "తల్లి మొగము చూడని బిడ్డలు, బిడ్డ మొగము చూడని తల్లి" అని తమలో తామనుకొన్నట్లు పలికిరి. పుట్టిన పిల్లలు రాత్రివేళ వెలుతురు గల దిక్కునకు ప్రాకును. పూర్వము ఆ వెలుతురు సముద్రముమీది యాకాశమే. ఇప్పుడు వీధిదీపములు వానికంటె ప్రకాశించుచున్నవి. దారి తప్పి రోడ్డెక్కిన పిల్లలు చక్రముల క్రింద పడి చచ్చుట కలదు. శ్రీకూర్మమున కూర్మావతారమునకు గుడి కట్టి పూజించు దేశము మనది. ఈ మాట ఆ కుర్రవానితో అనగా, "మా వాళ్ళు వలలో పడితే దండం పెట్టి వదిలేస్తారమ్మా, పెద్ద మరబోట్ల వలలో పడినవే సచ్చి ఒడ్డుకొస్తాయి" అనెను.

ఋషికొండ యొద్ద ఎక్కువసేపు నిలువలేదు. 2020లో ఈ తీరమునకు శుభ్రతకై అంతర్జాతీయమైన నీలిజెండా లభించెను. ఇసుక మెత్తనిది, కొండ చక్కనిది, ఆదివారమగుటచే జనమును మెండు. ఇచ్చట నొక హెచ్చరిక మాత్రము చేయవలసియున్నది. విశాఖ తీరమున నీరు చూపునకు శాంతముగా నున్నను అడుగున ఈడ్చుకొనిపోవు ప్రవాహములు కలవు. ప్రతి సంవత్సరము కొందరి యిండ్ల దీపములు ఇచ్చట ఆరుచున్నవి. పిల్లలను మోకాలిలోతు దాటనీయరాదు. నీటికి వీపు త్రిప్పి నిలువరాదు.

*

మంగమారిపేట యొద్ద ఒడ్డున సహజముగా ఏర్పడిన రాతి తోరణ మొకటి కలదు. అలలు రాతిని తొలిచి తొలిచి కన్నము చేసినవి. మేనకోడలు పంపిన గాట్లండు చిత్రములలో ఇట్టిదే ఒకటి యుండెను. అది పెద్దది, ఇది చిన్నది; పని మాత్రము ఒక్క శిల్పిదే.

దానికెదురుగా, రోడ్డు కావలివైపున తొట్లకొండ. కొండమీద రాతిలో తొలిచిన నీటితొట్లుండుటచే ఆ పేరు వచ్చినది. తరతరములుగా పసులకాపరులు ఆ తొట్లను చూచుచునే యుండిరి గాని అవి ఎవరివో ఎవరికిని తెలియదు. 1976లో నౌకాదళము వారు స్థావరమునకు తగిన చోటు వెదకుచు విమానమునుండి పరిశీలించినపుడు ఈ శిథిలములు బయటపడినవి. 1988 మొదలు 1993 వరకు రాష్ట్ర పురావస్తుశాఖ వారు త్రవ్వి చూడగా, క్రీస్తునకు పూర్వము మొదలుకొని కొన్ని శతాబ్దములు బౌద్ధభిక్షువులు నివసించిన ఆరామమొకటి వెలికి వచ్చెను. మహాస్తూపము, చైత్యగృహములు, స్తంభముల మండపము, వరుస గదుల విహారములు. శాతవాహనుల నాణెములతోపాటు రోము దేశపు వెండి నాణెములును దొరికినవి.

వదినగారు గొడుగు ఊతగా మెట్లన్నియు ఎక్కిరి. మహాస్తూపమునకు నమస్కరించి, తరువాత మమ్మందరను ఆకర్షించినది భోజనశాల. అవును, భిక్షువుల వంటయిల్లు, ఉగ్రాణము, భోజనముల చావడి! పునాదులు, రాతిపలకలు పరచిన దారి, నీరు పోవుటకు కాలువ, అన్నియు నేటికిని పోల్చుకొనవచ్చును. కాలువ వాలు చూచి వదినగారు, "అంట్ల నీళ్ళు ఎటుపోవలెనో ఆలోచించి కట్టినారు. మన యింజనీర్లు మన వంటిండ్లకు అంత ఆలోచింపరు" అనిరి. వర్షాకాలమున భిక్షువులు ఊరూర తిరుగక ఒక్కచోట నుండవలెనని నియమము. అట్టి మాసములలో అందరి కడుపులు నింపుటకు బియ్యము, పప్పు ఎవరు పంపిరి? క్రింది పల్లెల గృహిణులు ఎంతమంది తమ బియ్యపుకుండలోనుండి పిడికెడు తీసి పెట్టియుందురు? శాసనముల కెక్కని దాతలు వారు.

కొండపైనుండి చూచిన సముద్రము వర్ణింప మాకు శక్తి లేదు. రోము నాణెము ఈ కొండమీదకు ఎట్లు వచ్చెనో మాత్రము ఆ చూపుతోనే తెలియును. ఓడవారికి ఈ కొండ దూరమునుండి గురుతు. కొండమీది వారికి ఓడ గురుతు. 2019లో కురిసిన పెద్దవానలకు మహాస్తూపమున కొంతభాగము కూలెను. పిమ్మట బాగుచేసిరి. దీనికి సమీపముననే బావికొండ అను మరియొక ఆరామము కలదు. అచ్చటి త్రవ్వకములలో మట్టికుండలో అస్థిశకలము దొరికెను. ఎండ ముదురుచుండుటచే దానిని ఇంకొకనాటికి విడిచితిమి.

చెట్టుక్రింద కూర్చుండి పులిహోర తింటిమి. పెద్దలకు మనవియేమనగా, ఈ దారిలో స్త్రీలు మరుగునకు పోవుటకు తగిన చోట్లు మిక్కిలి తక్కువ. ప్రకటనలలో సూర్యోదయపు చిత్రములు వేయువారు ముందుగా ఈ సంగతి ఆలోచించినచో ఆడువారి ప్రయాణములు తామే పెరుగును.

*

ఎర్రమట్టి దిబ్బలు. వీని కొరకే మేము వచ్చినది.

రోడ్డునుండి చూచినచో జీడిమామిడి చెట్లు, పొదలు, కొంచెము ఎర్రని నేల, అంతే. "ఇదేనా?" యని మనుమరాలు పెదవి విరిచెను. ఇరువది అడుగులు లోపలికి పోయితిమో లేదో నేల విచ్చుకొని, మా కాళ్ళ క్రింద లోయ యొకటి కనబడెను. ఇరువైపుల నిలువుగోడలు. కుంకుమ రంగు, ఇటుక రంగు, పండిన మిరపకాయ రంగు, ఎండ తగిలినచోట పసుపుకలిసిన ఎరుపు. వాననీరు కోసిన సందులు ఒకదానిలోనుండి ఒకటి చీలుచు ఎటుపోయిన ఎటు తేలుదుమో తెలియకుండ నున్నవి. లోపల గాలి లేదు, చప్పుడు లేదు. సముద్రఘోష కూడ దూరమైనది. తలయెత్తినచో ఎర్రని గోడల నడుమ నీలపు చీలిక, అది ఆకాశము. మాలో ఎవరికిని కొంతసేపు మాట రాలేదు.

ఇది మట్టి యని పేరేగాని నిజమునకు ఇసుక. దీని పుట్టుక ఇట్లు చెప్పుదురు. ఇరువది వేల యేండ్ల క్రిందట భూమిమీద చలి పెరిగి, నీరు మంచుగా గడ్డకట్టి, సముద్రమట్టము ఇప్పటికంటె ఇంచుమించు నూట యిరువది మీటర్లు దిగిపోయెను. నేడు మనము చూచు తీరమునకు చాల దూరము తూర్పున అప్పటి ఒడ్డు. నడుమ బయటపడిన ఇసుకను గాలి ఎత్తి తెచ్చి కొండల పాదమున గుట్టలు పోసెను. ఆ యిసుకలో ఇనుము గల ఖనిజములుండెను. వేల సంవత్సరముల వానకు, గాలికి ఆ యినుము తుప్పుపట్టి ప్రతి రేణువునకును ఎర్రని పూత పూసినది. తుప్పుపట్టిన అట్లకాడను చేతితో రుద్దినచో వ్రేళ్ళ కంటుకొను ఎరుపే ఇదియు. బైలదిల్లానుండి కొండలు దాటి రైళ్ళలో విశాఖ రేవునకు వచ్చు ఇనుపరాతిలోని యెరుపును ఇదియే. ఇనుముతో బ్రదుకు పట్టణమునకు ఇనుమే ఇట్టి సొగసు నిచ్చినదని మేమెరుగనే యెరుగము.

1886లోనే విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వీనిని గూర్చి వ్రాసెను. ఇట్టి యెర్ర ఇసుక దిబ్బలు తమిళదేశపు దక్షిణతీరమున, సింహళమున కలవు; అచ్చటి వారు వానిని తేరి యందురు. సముద్రము ఏయే కాలమున ఎంత దిగినదో, ఎంత యెక్కినదో, గాలులు ఎటు వీచినవో ఈ పొరలను చదివి తెలిసికొందురు. 2014లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖ వారు దీనిని జాతీయ భూవారసత్వ స్థలముగా ప్రకటించిరి. 2025లో ఇది యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో చేరినది. అనగా విస్బీ కోట యున్న పంక్తిలో కూర్చుండుటకు పేరు నమోదైనది, పీట యింకను వేయలేదు.

ఇంత గొప్పదైనను ఇది యిసుక. రాయి కాదు. కాలు వేసిన రాలును, గోరుతో గీచిన గీత నిలుచును. గోడలపై ప్రేమికుల పేర్లు కలవు. చిత్రములు తీయువారు, బండ్ల పందెములాడు కుర్రవారు త్రొక్కిన జాడలు కలవు. వాన కోత సహజము. దానిని ఎవరు ఆపలేరు, ఆపనక్కరలేదు, ఈ లోయలను చేసినది ఆ వానయే. మనిషి కోత వేరు. 2024 వేసవి పిమ్మట ఈ దిబ్బల అంచున యంత్రములతో నేల చదును చేసిరని పత్రికలు గగ్గోలు పెట్టెను. పని ఆపవలసి వచ్చెను. అట్టి గగ్గోలు ప్రతిసారి పుట్టుననుట యెట్లు?

లోయ నుండి పైకెక్కుచుండగా తలపై ఎండుపుల్లల మోపుతో ఒక ముసలామె ఎదురయ్యెను. మేము దారి యిచ్చితిమి. ఆమె మోపు దించి, మా వదినగారి ప్రక్కనే కూర్చుండెను.

"ఏ ఊరమ్మా మీది?"

"పట్నమే తల్లీ" యని వదినగారు.

"పట్నమా! పట్నమోళ్ళు పోటోలకొస్తారు గానీ మీలాటి పెద్దోళ్ళు రారు" అని నవ్వెను. తాను ఈ ప్రక్క పల్లెకు కోడలిగా వచ్చిన నాడు దిబ్బలు ఇంకను చాల దూరము ఉండెడివట. "అదుగో, ఆ మేడలున్నకాడ కూడా ఎర్రగానే ఉండేది. మా అత్త అటే పుల్లలకు తీసుకుపోయేది. ఇప్పుడు ఆకాడికి పోతే వాచీమేను తరుముతాడు" అని చేయి చాచి చూపెను. చూపిన చోట మాకు తెల్లని గోడలు, ఇనుపగేటు కనబడినవి.

మన దేశమునను ఒడ్డుకు రక్ష లేకపోలేదు. 1991లో కేంద్రప్రభుత్వము వారు సముద్రతీరమున కట్టడములను నియమించు ఉత్తరువు వెలువరించిరి. పోటునీటి గీతనుండి ఐదు వందల మీటర్ల వరకు అది వర్తించునట్లు చేసిరి. పిమ్మట పలుమారులు దానిని మార్చిరి. కాగితముపై మనము స్వీడనువారికి తీసిపోలేదు. కాని ఆ ముసలామెకు ఆ ఉత్తరువు తెలియదు, మాకును ఆనాటివరకు తెలియదు. ఒడ్డు తమదని యెరిగినవారు అచ్చట మెలగుచుండిననాడే గదా, గేటు లేచినపుడు ఇదేమని అడుగువారుందురు!

*

భీమిలి చేరునప్పటికి మధ్యాహ్నము మూడు గంటలు.

గోస్తనీనది ఇచ్చట సముద్రమున కలియుచున్నది. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహలలోనుండి సాగి వచ్చు ఏరిది. దారిలో తాటిపూడి యొద్ద దీనిని ఆపి, విశాఖపట్టణమునకు త్రాగునీరు పంపుచున్నారు. మా బిందెలలోనికి వచ్చు నీటి తల్లి మొగము ఆనాడు చూచితిమి. వేసవి సమీపించుటచే నది సన్నగిల్లి, ఇసుకమేట వెనుక నిలిచియుండెను.

భీముడు వనవాసకాలమున బకాసురుని ఇచ్చటనే చంపెనని స్థలపురాణము. చరిత్రకెక్కిన కథ డచ్చివారిది. మన పూర్వులు వారిని వలందాలనిరి. మచిలీపట్టణమున వలందపాలెము అను పేట నేటికిని కలదు. పదునేడవ శతాబ్దమున వారీ రేవున స్థావరమేర్పరచుకొని, మన నూలుబట్టలను కొని తూర్పు ద్వీపములకు పంపి, అచ్చట వానికి మారుగా లవంగములు, జాజికాయలు పుచ్చుకొనిరి. ఆ ద్వీపములవారు వెండికంటె మన బట్టనే ఎక్కువగా కోరెడివారు. నేత నేసినది మగవారు. నూలు వడికినది ఆడువారు. మన యింట లవంగము వేసినప్పుడెల్ల ఇది జ్ఞప్తికి తెచ్చుకొనవచ్చును: ఒకనాడు ఏ పల్లెలోనో ఒక ముత్తవ్వ త్రిప్పిన రాట్నముతోనే ఐరోపావారు లవంగములు కొనిరి.

1754లో మరాఠా దండు ఈ స్థావరమును కొల్లగొట్టెను. 1824లో లండనులో జరిగిన ఒడంబడికచే మరుసటి సంవత్సరము ఊరు ఇంగ్లీషువారి వశమయ్యెను. ఇప్పుడు మిగిలినది సమాధులు. గడ్డి మొలచిన చిన్న ఆవరణలో సూచిగా లేచిన కట్టడములు, నేలబారు పలకలు. అక్షరములు ఉప్పుగాలికి అరిగినవి. కొన్నిటిపై పుర్రెయు ఎముకలును చెక్కియుండుట చూచి మా మనుమరాలు జంకి వదినగారి కొంగు పట్టుకొనెను. ఆ కాలమున హాలండునుండి ఇచ్చటికి ఓడలో రావలెనన్న ఆరు నెలలకు పైబడును. వచ్చిన కుర్రవాడు జ్వరముతో పోయినచో ఆ వార్త తల్లికి చేరుట మరి ఏ సంవత్సరమునకో! మా వదినగారు ఒక పలకమీది గడ్డిని చేతితో ప్రక్కకు దువ్విరి. ఏమియు అనలేదు.

డచ్చివారు పోయినను భీమిలి వెంటనే క్షీణింపలేదు. 1861లోనే ఇచ్చట పురపాలక సంఘమేర్పడెను; మన దేశపు మిక్కిలి పాత సంఘములలో నిదియొకటి. పొగయోడలు దూరమున లంగరు వేయగా, మేకులు లేక కొబ్బరితాటితో కుట్టిన మసూలా పడవలు అలలమీదుగా సరకు మోసెడివి. ఆ సరకులలో ముఖ్యమైనది గోగునార. గోగు మన గోంగూరకు తోబుట్టువు వంటి మొక్క. దాని నార ఈ రేవునుండి పోయినందున విదేశపు వర్తకులు దానికి భీమిలి జనుము అనియే పేరుపెట్టిరి. మనము పచ్చడికి దంచుకొను ఆకు కుటుంబపు నార ఒకప్పుడు ఒక ఊరిని పోషించినది! రైలుమార్గము ఈ ఊరిని తాకలేదు. 1933లో విశాఖరేవు తెరచిన పిమ్మట ఓడలు అటు మరలినవి. పెద్ద గిడ్డంగులు పాడుపడినవి. ఆ ఊరు నేడు మహావిశాఖ నగరపాలక సంస్థలో నొక భాగము. పెద్దది చిన్నదానిని ముందు బీదను చేసి తరువాత తనలో కలుపుకొన్నది. కుటుంబములలోను ఇట్టివి చూచుచుందుము.

దీపస్తంభము దిగువ జాలరి స్త్రీలు నెత్తళ్ళు ఎండబోసి, కాకులను తోలుచు కబుర్లాడుచుండిరి. సముద్రము ఇచ్చట శాంతము. సూర్యుడు కొండల వెనుకకు వాలుచుండెను.

ఇల్లు చేరి చూచుకొనగా చీరల అంచులన్నియు ఎర్రబడియుండెను. మనుమరాలు ఫలహారపు డబ్బాలో ఒక దోసెడు ఎర్ర ఇసుక దాచి తెచ్చినదని అప్పుడు బయటపడెను. వదినగారు దానిని మందలించి, వచ్చే ఆదివారము తామే తోడుపోయి ఎక్కడిదక్కడ పోసివచ్చెదమనిరి. మోకాళ్ళ మాట ఎత్తలేదు.

మేనకోడలికి ఆ రాత్రియే బదులు వ్రాయనారంభించితిమి. పదునాలుగు పుటలు వచ్చెను. వదినగారు తమ వంతుగా చివర రెండు పంక్తులు చేర్చిరి: "సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ ముసలావిడను కూడ వెంటబెట్టుకొని రా. బావికొండ మేమింకా చూడలేదు, అందరము కలిసి పోదము."